‘వెనుకటి గుణమేల మాను’... మానునా, మారునా?

మూకీల పిచ్చి: నిన్న దర్శకుడు రావుల్ వాల్ష్ తీసిన మూకీ సినిమా ‘రీజెనరేషన్’ చూశాను. 1915 నాటి న్యూయార్క్ ముఠా కథ. ఇక లేదనుకున్న సినిమా, 1976లో ప్రింటు దొరికింది. దిక్కులేక పెరిగి ముఠా నాయకుడైన ఓవెన్, మేరీ పరిచయంతో దారిలో పడతాడు. ఆమె ప్రాణం తీసిన స్కిన్నీని చంపబోతూ, ఆమె రూపం కళ్లకు కట్టి వదిలేస్తాడు. అప్పట్నుంచీ సుమతీ శతకంలోని ‘కనకపు సింహాసనమున’ పద్యం (కుక్కను గద్దెనెక్కించినా పాత గుణం పోదనేది) చివరి పాదం బుర్రలో తిరుగుతోంది. బళ్లో మాకు ‘గుణమేల మారు’ అనే చెప్పారు. సరైనదేది?

కందాభిమాని: ‘మాను’ అండీ. ‘మారు’ నోటివాడుకలో చేరింది.

గోదారి గట్టు: అంత తేలిగ్గా ఎలా తేలుస్తారు మాస్టారూ? ‘లమాను’, ‘లమారు’ రెండూ జగణాలే (లఘువు, గురువు, లఘువు). కందపద్యం ఆరో గణానికి రెండూ చెల్లుతాయి. ప్రాస, యతి ఆ అక్షరం జోలికే రావు.

కందాభిమాని: ఛందస్సు తేల్చకపోతే అర్థం తేలుస్తుంది. పుండు మానింది అంటాం, మారింది అనం. సుమతి కవి గుణాన్ని రోగంలా చూశాడు.

పాత నిఘంటువు: అక్కడ కర్త గుణమా, శునకమా? కుక్క తన గుణాన్ని మానదు అంటే తాగుడు మానేయడం లాంటిది, నయమవడం కాదు. నేను శునకం వైపే.

మూకీల పిచ్చి: సినిమాలోనూ అదే చిక్కండీ. ఓవెన్ తనంతట మానాడా, మేరీ మాన్పిందా? స్కిన్నీ మాత్రం మానలేదు. బట్టలారేసే తాడు పట్టుకుని పారిపోతూ, ఓవెన్ నేస్తం కాల్చిన గుండుకు పోతాడు.

వేమన దాసుడు: ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్నవాడి ముందు సుమతి నిలవడు. వేమన కథే చూడండి, భోగి యోగి అయ్యాడంటారు. మనిషి మీద ఆ నమ్మకం ఇంకెవరికుంది?

గోదారి గట్టు: ‘ఎలుకతోలు తెచ్చి యేడాది యుతికిన’ కూడా ఆయన పేరు మీదిదే కదండీ!

వేమన దాసుడు: అది మూర్ఖుడి మాట, పాపి మాట కాదు. రెంటికీ చాలా తేడా ఉంది.

కందాభిమాని: వేమన సంగతి వేరే చర్చలో మాట్లాడుకుందాం. పాత పెద్దబాలశిక్ష ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పాదం ఫొటో పెట్టండి. ‘వెనుకటి’యా, ‘వెనకటి’యా అన్నది కూడా చూడాలి.