ముగింపు తెలియకుండా కథ మొదలుపెట్టొచ్చా?

చిత్తుప్రతి:
కొత్తగా రాసేవాళ్ళకి చాలామంది చెప్పేది ఒకటే: "ఆలోచన వచ్చిందా, కూర్చుని రాసెయ్, దారి అదే దొరుకుతుంది." నేను ఒప్పుకోను. సగంలో ఆగిపోయే కథల్లో వాతావరణం ఉంటుంది, ఇల్లుంటుంది, మనుషులుంటారు. ఎవరికి ఏం కావాలో మాత్రం ఉండదు. రాయబోయే ముందు మూడు వాక్యాలు రాసుకోండి. ఎవరికి ఏం కావాలి, దానికి ఏది అడ్డం, చివరికి ఏం మారుతుంది. మూడోది రాయలేకపోతే మీ చేతిలో ఉన్నది సందర్భం, ఇంకా కథ కాలేదు.

అల్లిక:
ఆ మూడోదాంతోనే నాకు పేచీ. కూతురు ఇల్లు వదిలి వెళ్ళిపోతుందని ముందే తేల్చేశారనుకోండి. తీరా తల్లీకూతుళ్ళు మాట్లాడుకునే సీనుకి వచ్చేసరికి, ఆ పిల్ల ఆగిపోవడమే సహజంగా ఉంటుంది. ముగింపు చెడుతుందని తల్లిచేత లేనిపోని కటువు మాట అనిపిస్తారు. పాఠకులు ఇట్టే పట్టేస్తారు. సరిగ్గా సమయానికి ఫోన్ రావడం, తలుపు చాటునుంచి మాట వినబడటం, ఇవన్నీ అలా పుట్టేవే.

చిత్తుప్రతి:
తప్పు ముగింపు తెలియడంలో లేదండీ, కారణం ముందు నాటకపోవడంలో ఉంది. ఆ కటువు మాటకి బీజం మొదటి పేజీలోనే పడాలి. పడాలంటే ముందు తెలియొద్దూ?

అల్లిక:
తిరగరాసేటప్పుడు వేసుకోవచ్చు. మొదటి ప్రతి ఉన్నదే అందుకు.

మూడోపేరా:
మీరిద్దరూ ముగింపు దగ్గర వాదించుకుంటున్నారు, కొత్తవాళ్ళు ఇరుక్కునేది మొదటి పేజీలో. 2,000 మాటల కథైతే మొదటి 150 మాటల్లోపు ఏదో ఒక ఇబ్బంది తగలాలి. తగిలిందో లేదో చూడటానికి, ప్రతి పేరా పక్కన అందులో ఏం మారిందో రెండు ముక్కల్లో రాయండి. రాయడానికేమీ లేని పేరాలు పైనే గుంపుగా కనిపిస్తాయి: నిద్ర లేవడం, కిటికీలోంచి చూడటం, వంశ చరిత్ర. మొదటిసారి ఏదైనా మారిన పేరానే మొదటి పేరా చేసి చదవండి. పై పేరాల్లోని ఏ సంగతులు లేకపోతే కథ అర్థం కాదో అప్పుడు తెలుస్తుంది, అలాంటివి ఒకటో రెండో మిగులుతాయి. వాటిని తర్వాత ఏదో పని జరుగుతుండగా చొప్పించండి. "భార్య పోయి మూడేళ్ళయింది" అని ప్రకటించక్కర్లేదు. ఇంటి తాళంచెవులు రెండూ ఆయన జేబులోనే ఉంటే చాలు.

అల్లిక:
ఈ కోత మాత్రం ప్రతి పూర్తయ్యాకే. రాస్తూ రాస్తూ కత్తిరిస్తే మొదటి పేజీ నున్నగా తయారవుతుంది, రెండో పేజీ పుట్టదు. ఇంకోటి, ఏ రోజుకారోజు సీను ముగించి లేవకండి. తర్వాతి వాక్యం తెలిసి ఉండగానే ఆపండి, మర్నాడు ఖాళీ కాగితం ముందు కూర్చోనక్కర్లేదు.

కొత్తకలం:
"నేను" అని చెప్పాలా, "అతను" అనా?

మూడోపేరా:
కీలకమైన ఘట్టంలో మీ మనిషి అక్కడ ఉంటాడా? ఉండకపోతే "నేను" పనికిరాదు, ఎవరో వచ్చి చెబితే వినాల్సొస్తుంది. ఉంటే అదే సీను 200 మాటలు రెండు రకాలుగానూ రాసి చూడండి. "అతను" ఎంచుకుంటే ఒకే సీనులో ఇద్దరి మనసుల్లోకి దూరొద్దు. ఇంకా "వచ్చాడు, చూశాడు, కూర్చున్నాడు" వరస పడుతుంది, జాగ్రత్త. గట్టిగా చదివితే మీకే వినబడుతుంది.

అల్లిక:
చిత్తుప్రతి గారూ, ఒక మధ్యేమార్గం. చివరి నిర్ణయం ఎవరి చేతిలో ఉందో తెలిస్తే మొదలుపెట్టొచ్చు. ఆ నిర్ణయం ఏమిటన్నది రాస్తూ తేలనివ్వండి.

చిత్తుప్రతి:
చిన్న కథకి సరే. నేర పరిశోధన కథకి కుదరదు. హంతకుడెవరో తెలియకుండా రాస్తే ఆధారాలు ఎక్కడ పెడతారు? పాత్రలన్నిటి మీదా సమానంగా అనుమానం చల్లుకుంటూ పోవాలి, చివర్లో ఎవరి పేరు చెప్పినా అతకదు.