అప్‌డేట్: పాప పై పళ్ళ మీద తెల్ల గీత

రెండేళ్ళ మా పాప పై ముందు పళ్ళకు, చిగుళ్ళ అంచున సున్నం రాసినట్టు తెల్ల గీత కనిపిస్తోంది, ఏం చేయాలని మొన్న అడిగాను కదా. చాలామంది డాక్టర్‌కు చూపించమన్నారు. హన్మకొండలో పిల్లల డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాం.

పిప్పి పళ్ళకు ఇది మొదటి దశట, ఇంకా గుంట పడలేదు. ఇప్పుడే ఆపితే పన్ను మళ్ళీ గట్టిపడే అవకాశం ఉంది. ఫ్లోరైడ్ వార్నిష్ (పన్ను గట్టిపడడానికి వేసే పూత) పూశారు. ఏడుపు మామూలుగా లేదు, పని మాత్రం చిటికెలో అయిపోయింది.

అసలు కారణం రాత్రి పాలసీసా. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలు పళ్ళ మీదే నిలుస్తాయి, బ్యాక్టీరియా వాటిలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఇప్పుడు పాలు గ్లాసుతోనే, అదీ పడుకునే ముందు. తర్వాత బ్రష్, ఆపైన దాహమైతే మంచినీళ్ళే. మొదట్లో మాకు రోజూ శివరాత్రి జాగారమే!

పేస్టు గురించి అడిగినవాళ్ళకు: 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్నది చెప్పారు, మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత చాలు. డబ్బా మీద చదివి కొనండి, పిల్లల పేస్టులని అమ్మేవాటిలో కొన్నింట్లో ఫ్లోరైడే ఉండదు. తల ఒడిలో పెట్టుకొని, పై పెదవి ఎత్తి తోమితే చిగుళ్ళ అంచు దాకా కనిపిస్తుంది.

"పాలపళ్ళే కదా, ఊడిపోతయ్" అని అత్తమ్మ అంటుంటే, దవడ పళ్ళు పదేళ్ళు దాటేదాకా కావాలని డాక్టరే ఆమెకు చెప్పారు. చాయ్‌లో ముంచిన బిస్కెట్ మాత్రం ఇంకా చాటుగా నడుస్తూనే ఉంది. మళ్ళీ వార్నిష్ మూడు నెలలకు.