ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ మన సన్‌రైజర్స్ హైదరాబాద్ టీమ్ నుంచి పోయి ఇన్నేళ్లయినా ఈ ఇష్టం ఎందుకు పోవట్లేదు?

హన్మకొండ_మెడికల్‌షాపు

మా మేనల్లుడికి పదమూడేళ్లు. సెలవులకు మా ఇంటికొచ్చాడు. నా గది తలుపు వెనక కొక్కేనికి తగిలించిన నారింజ రంగు జెర్సీ చూసి, వీపు మీద 31 చదివి, "మామా, వార్నర్ పోయి ఎన్నేండ్లయింది, ఇంకా ఇదెందుకు?" అన్నాడు. వాడికి తర్వాత వచ్చిన మన ఓపెనర్లు హెడ్, అభిషేక్ తెలుసు. వార్నర్ అంటే మన పాటలకు డాన్స్ చేసే తెల్లాయన, అంతే. చెప్పబోయి ఆగిపోయాను. ఒక్క మాటలో చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ముందు నా సంగతి. హన్మకొండలో మాకు మందుల షాపు ఉంది. 2020 లాక్‌డౌన్‌లో బజారంతా మూసినా మేం మూయలేదు. కౌంటర్‌కు అడ్డంగా తాడు కట్టి, అవతలి నుంచే చీటీ తీసుకుని మందులిచ్చేవాణ్ని. ఇంటికొచ్చాక పెరట్లోనే స్నానం, బట్టలు డెటాల్ నీళ్లలోకి, పడక వేరే గదిలో. అమ్మకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఆమె దగ్గరికి పోవాలంటే నాకు భయం. కంచం గడప దగ్గర పెట్టి, దూరంగా గోడకానుకుని కూర్చునేది. మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఎవరికొచ్చింది, ఎవరు పోయారు, రేపు షాపుకు పోకుంటే కాదా.

ఏప్రిల్ నెలాఖర్లో బుట్టబొమ్మ పాటకు వార్నర్, భార్య క్యాండిస్ స్టెప్పులేసిన వీడియో ఫోన్‌కొచ్చింది. ఆ పాట అప్పటికే మా వీధిలో ప్రతి బరాత్‌లో మోగింది. ఫోన్ గడప మీద నిలబెట్టి అమ్మకు చూపించా. ముందర వీళ్లిద్దరు, వెనకాల వాళ్ల పాప తన లోకంలో తాను ఎగురుతోంది. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఆళ్ల దేశంల గూడ పిల్లలు బయటికి పోతలేరా?" అని అడిగింది. పోవట్లేదమ్మా, అందరూ ఇంట్లోనే అన్నాను. "అయ్యో" అంది. మళ్లీ పెట్టమంది. నాలుగోసారికి నవ్వింది. షట్టర్లన్నీ దించిన రోజు నుంచి ఆమె నవ్వగా నేను చూడలేదు.

ఆ తర్వాత రాములో రాములా వచ్చింది, పోకిరి డైలాగు వచ్చింది. నేను షాపు నుంచి రాగానే అమ్మ మొదటి మాట, "ఇయ్యాల ఆ పిల్లగాడు ఏమన్న పెట్టిండా?" ఆమెకు క్రికెట్ తెలియదు. ఓవరుకెన్ని బంతులో తెలియదు. అతని పేరు ఇప్పటికీ పలకదు, "బుట్టబొమ్మ పిల్లగాడు" అంటుంది.

ఇంతకీ నా ప్రశ్న. మీకు అతని మీద ఇష్టం ఆట వల్ల వచ్చిందా, ఆ సరదా వల్ల వచ్చిందా? మన టీమ్ వదిలేశాక కూడా అది ఎందుకు మిగిలింది? మా వాడికి చెప్పాలి.

ఉప్పల్_ఈస్ట్‌స్టాండ్

అన్నా, మీ అమ్మ మాట చదివి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. కానీ అల్లునికి ముందుగాల పరుగులు చెప్పు. పరుగులు లేకుంటే డాన్సు రెండు రోజులల్ల మర్చిపోతుండె జనం.

2014ల ఐపీఎల్ వేలంల అయిదున్నర కోట్లకు తీసుకున్నరు. మన జెర్సీల 95 మ్యాచులు, 4014 పరుగులు. సీజన్ల అందరికన్న ఎక్కువ పరుగులు కొట్టినోనికిచ్చే ఆరెంజ్ క్యాప్ మూడు సార్లు: 2015, 2017, 2019. 2016ల 848 కొట్టిండు, గానీ ఆ ఏడు కోహ్లి 973 కొట్టిండు గద, క్యాప్ అటు పోయింది, కప్పు మనకొచ్చింది.

ఆ 2016ల ఫైనల్ అందరు చెప్తరు. నేనైతే దానికి రెండు రోజుల ముందు మ్యాచ్ చెప్త. ఢిల్లీల గుజరాత్ లయన్స్ తోని క్వాలిఫయర్, గెలిస్తేనే ఫైనల్. 163 కావాలె. ఒక్కొక్కడు పోతున్నడు, 117కు ఆరు వికెట్లు. ఇగ అయిపోయిందని మా నాయిన టీవీ ముందట నుంచి లేచి పోయిండు. వార్నర్ మాత్రం ఒక దిక్కు గోడ లెక్క నిలబడ్డడు. ఇంకో దిక్కు బిపుల్ శర్మ వచ్చి 11 బంతుల్ల 27 కొట్టిండు. నాలుగు బంతులు మిగిలుండంగ గెలిచినం. వార్నర్ 93 నాటౌట్. ఫైనల్ల మళ్ల 38 బంతుల్ల 69. ఎనిమిది పరుగుల తేడాతోని కప్పు. ఆ 93 లేకుంటే ఆ ఫైనలే లేదు.

2017 ఏప్రిల్ 30, ఆదివారం రాత్రి, కోల్‌కతా మీద 59 బంతుల్ల 126 కొట్టిన నాడు నేను ఉప్పల్ స్టేడియంల ఉన్న. గొంతు మూడు రోజులు రాలే. అయితే నాకు ఇంకా బాగ యాదికున్నది ఫీల్డింగు. బౌండరీ కాడికి వస్తే మా స్టాండంత "వార్నర్, వార్నర్" అని మొత్తుకునేటోళ్లం. ఓవరు మధ్యల ఇటు తిరిగి భుజాలు ఊపేటోడు, చెయ్యెత్తేటోడు. బౌలరు పరుగు మొదలువెట్టంగనే అటు తిరిగి వంగి నిలబడేటోడు. గప్పుడు మనం ఎంత మొత్తుకున్నా ఇనబడది ఆయనకు. గా రెండూ ఒక్క మనిషిల ఉండుడే నాకు నచ్చింది.

గుంటూరు_బావ

నేను కొంచెం వేరేగా చెప్తానండి, ఏమీ అనుకోకండి.

2018 మార్చి కేప్‌టౌన్ సంగతి కూడా మీ మేనల్లుడికి చెప్పాలి. టెస్టు మ్యాచ్‌లో ఆస్ట్రేలియావాళ్లు బంతి తీరు మార్చాలని దానికి గరుకు కాగితం రుద్దిన గొడవలో, ఆ ఆలోచన వార్నర్‌దేనని, కుర్రాడైన బాంక్రాఫ్ట్‌కు ఎలా చెయ్యాలో చెప్పింది కూడా అతనేనని క్రికెట్ ఆస్ట్రేలియా తేల్చింది. ఏడాది నిషేధం వేశారు. ఇంకెప్పుడూ నాయకత్వం ఇవ్వం అన్నారు, అది 2024 అక్టోబరులో గానీ ఎత్తెయ్యలేదు. ఆ 2018లో మన టీమ్‌ను నడిపించింది న్యూజిలాండ్ ఆటగాడు విలియమ్సన్. 735 పరుగులు చేసి ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. నాకు ఇప్పటికీ ఆయనంటేనే ఎక్కువ అభిమానం. డాన్సులు లేవు, కేకలు లేవు, ఒక చిన్న నవ్వు. అదీ ఒక అందమే.

వార్నర్ ఆటకు నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఒక మనిషి సరదాగా ఉంటాడని అతను చేసిన తప్పును పిల్లలకు దాచకూడదు. పదమూడేళ్లవాడికి అది అర్థమయ్యే వయసే.

హన్మకొండ_మెడికల్‌షాపు

గుంటూరు అన్నగారూ, మీరన్నది నిజం. దాచను, ఆ కథ కూడా చెప్తాను. మరుసటేడు తిరిగొచ్చి 12 మ్యాచుల్లో 692 కొట్టిన సంగతి కూడా దాంతోపాటే చెప్తాను. ఆ ఏడు ఉప్పల్‌లో బెంగళూరు మీద మన ఇంకో ఓపెనర్ బెయిర్‌స్టో, తను ఇద్దరూ సెంచరీలు కొట్టి, మొదటి వికెట్‌కు 185 పెట్టారు. అది ఆడినవాడి మొహంలో నాకు కనిపించింది పొగరు కాదు, తిరిగి ఆడనిచ్చారన్న సంతోషం.

మీ మాటల వల్ల నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. అసలు నా జవాబు అక్కడే ఉందేమో. 2021లో మనం వరసగా ఓడిపోతుంటే మే 1న వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి తీసేశారు. తర్వాత టీమ్‌లో చోటు కూడా పోయింది. కరోనాతో ఆగిన ఐపీఎల్ సెప్టెంబరులో యూఏఈలో మళ్లీ మొదలైతే రెండు మ్యాచులాడాడు, 0, 2. మళ్లీ బయట పెట్టారు. మన టీమ్ ఆ ఏడు అట్టడుగున ఉంది. అలాంటప్పుడు స్టాండ్‌లో కూర్చుని మన జెండా ఊపుతున్న వార్నర్‌ను టీవీలో చూశాను. అన్నం ముందు కూర్చున్నవాణ్ని ముద్ద మింగలేకపోయాను. నన్ను తీసేసిన చోట నేనైతే ఆ పూట హోటల్ గదిలోంచి బయటికి రాను. అతను వచ్చాడు, మన జట్టు కోసం అరిచాడు.

అంతవరకు ఆ వీడియోలన్నీ పైపై సంబరం అనుకున్నవాళ్లు ఉండొచ్చు. జెండా ఊపమని అతనికి ఎవరు చెప్తారు? నెల తిరగ్గానే టీ20 ప్రపంచకప్‌లో 289 పరుగులు, ఆస్ట్రేలియాకు కప్పు, టోర్నమెంటులో ఉత్తమ ఆటగాడు. ఆ రాత్రి మా వీధిలో టపాకాయలు కాల్చారండి, ఆస్ట్రేలియా గెలిస్తే!

వైజాగ్_తీరం

2015లో మన హోమ్ మ్యాచులు కొన్ని మా వైజాగ్‌లో పెట్టారు. కోల్‌కతా మీద 91 కొట్టాడు, మధ్యలో వాన. తడిసిపోయినా ఒక్కరు కదల్లేదు. మా ఇష్టం అప్పటిది, అప్పటికి డాన్సుల్లేవు, పాటల్లేవు.

ఇంకో ముక్క. 2022 మే 5న ముంబై బ్రబోర్న్‌లో ఢిల్లీ తరఫున మన మీదే 92 నాటౌట్. ఆఖరి ఓవర్లో సెంచరీ కోసం సింగిల్ తీసివ్వమంటావా అని తోటి బ్యాటర్ పోవెల్ అడిగితే, వద్దు, నువ్వు బలంగా కొట్టు అన్నాడట. అతను అటు చివర్న నిలబడే ఉన్నాడు, ఇటు పోవెల్ బాదాడు. మన టీమ్ ఓడింది. అయినా మా గదిలో ఆరుగురం ఉంటే ఒక్కడికీ కోపం రాలేదు. ఆ ఎనిమిది పరుగులు కూడా చేసుంటే బాగుండేది అనిపించింది.

సిడ్నీలో_తెలుగోణ్ణి

పదేళ్లుగా సిడ్నీలో ఉంటున్నాను. ఇక్కడి సంగతి చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఇక్కడ వార్నర్‌ను అందరూ అలా ప్రేమించరు. ఎదుటి జట్టుతో గొడవలు, నోటి దురుసు, ఆ తర్వాత కేప్‌టౌన్, ఇవే చాలామందికి గుర్తు. మా ఆఫీసులో ఒకాయన నన్ను నిజంగానే అడిగాడు, మీవాళ్లకు ఇతనిలో ఏం కనిపించింది అని. వాళ్లు చూసిన వార్నర్ వేరు, మనం చూసినవాడు వేరు. అతను పెరిగింది మాట్రావిల్‌లో, ప్రభుత్వం ఇచ్చే ఇళ్లలో. కొట్లాడి పైకొచ్చిన పిల్లాడు. ఆ కొట్లాట ఇక్కడ గ్రౌండులో కనిపించేది. హైదరాబాద్ వచ్చేసరికి అతనితో ఎవరికీ పాత లెక్కల్లేవు. జనం పేరు పెట్టి పిలిచారు, తిరిగి చూసి నవ్వాడు. ఇష్టం అటూ ఇటూ పెరిగింది. నాకైతే అలా అనిపిస్తుంది.

2024 జనవరిలో అతని ఆఖరి టెస్టు, పాకిస్తాన్ మీద, ఇక్కడి సిడ్నీ క్రికెట్ గ్రౌండు ఎస్‌సీజీలో. నేను, మా ఆవిడ వెళ్లాం. ఆఖరి ఇన్నింగ్స్‌లో 57. మా వరసలో ముగ్గురు తెలుగు కుర్రాళ్లు, అతను దగ్గరికొచ్చినప్పుడల్లా "తగ్గేదేలే" అని అరుస్తూ గడ్డం కింద చెయ్యి తిప్పుతున్నారు. చుట్టూ ఉన్న ఆస్ట్రేలియావాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ వాళ్లూ చప్పట్లు కొట్టారు. మ్యాచ్ అయ్యాక భార్య, ముగ్గురు పిల్లలు గ్రౌండులోకి వచ్చారు. మా ఆవిడ ఏడ్చేసింది. ఊరు వదిలి ఇంత దూరం వచ్చినవాళ్లకు, మన పాటకు కాలు కదిపిన మనిషి ఇంట్లోవాడే అవుతాడు.

ఉప్పల్_ఈస్ట్‌స్టాండ్

సిడ్నీ అన్నా, మస్తు చెప్పినవ్. 2023ల ఢిల్లీ కెప్టెన్‌గ ఉప్పల్‌కు వచ్చినప్పుడు గూడ చూసిన. మ్యాచుకు ముందు మన బౌలరు భువనేశ్వర్ కాళ్లు మొక్కబోయిండు, ఇద్దరు నవ్వుకుంట అలాయ్ బలాయ్ తీసుకున్నరు. 145 కొట్టలేక మనం ఏడు పరుగులతోని ఓడినం, ఆయన ఎగిరి గంతేసిండు. ఎగరనీ. ఆడితే అట్లనే ఆడాలె.

హన్మకొండ_మెడికల్‌షాపు

అందరికీ దండాలు. ఇవన్నీ మావాడికి చదివి వినిపించాను. కేప్‌టౌన్ దగ్గర చాలాసేపు ఆగి, "గట్లెందుకు చేసిండు మామా?" అని అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. తర్వాత ఉప్పల్ అన్న చెప్పిన ఢిల్లీ మ్యాచ్ హైలైట్స్ వెతుక్కుని ముందరేసుకున్నాడు. బిపుల్ శర్మ ఎవరని ఇప్పుడు నన్ను సతాయిస్తున్నాడు.

సిడ్నీ తమ్ముడూ, నువ్వు ఎస్‌సీజీలో ఆ పిల్లల్ని చూశావని అమ్మకు చెప్పాను. పప్పులో తాలింపు పెడుతున్నది స్టవ్ తగ్గించి మరీ వచ్చింది. ఎనక ఎగిరిన ఆ చిన్నపిల్ల ఎంత పొడుగయింది, బడికి పోతున్నదా, అడిగి చెప్పమంటోంది. ఫొటో ఉంటే పెట్టు తమ్ముడూ, చూపిస్తాను.