రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత నిద్రకు యోగా ఎంతవరకు తోడ్పడుతుంది?

ప్రశ్న:
మా అక్కకు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ పూర్తయి ఏడాది దాటింది. ఇప్పుడు క్యాన్సర్ తిరిగి రాకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర వేసుకుంటోంది. పడుకోగానే నిద్ర పడుతుంది గాని, రాత్రి రెండింటికల్లా మెడ కింద దిండు తడిసేంత చెమట పట్టి మెలకువ వస్తుంది. ఇక తెల్లవార్లూ కళ్ళు మూసుకుని ఉండడమే తప్ప నిద్ర ఉండదు. నిద్రమాత్రలకు అలవాటు పడడం ఆమెకు ఇష్టం లేదు. యోగాతో నిజంగా మేలు జరుగుతుందా? ఆపరేషన్ జరిగిన వైపు చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవదు, మరి ఏ ఆసనాలు వేయవచ్చు?

మొదటి సమాధానం:
మేలు జరిగే అవకాశం ఉందండి. అమెరికాలో జరిగి 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, చికిత్స ముగిసినా నిద్ర సరిగా పట్టని 410 మంది పాల్గొన్నారు. వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్నవారే. మామూలు వైద్య సంరక్షణతోపాటు నాలుగు వారాలు, వారానికి రెండుసార్లు, 75 నిమిషాల చొప్పున తేలికపాటి ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం చేసినవారికి, చేయనివారికంటే నిద్ర బాగా మెరుగుపడింది, నిద్రమాత్రల వాడకమూ తగ్గింది. అయితే ఆ పోలిక యోగా చేయనివారితోనే గాని, నడక వంటి ఇతర వ్యాయామాలు చేసినవారితో కాదు. అందుచేత అక్కగారికి నడకే ఇష్టమైతే దాన్ని మాన్పించవద్దు.

రెండవ సమాధానం:
నాకూ ఇదే చికిత్స జరిగింది కాబట్టి చేతి సంగతి చెబుతాను. చేతులు తలపైకి చాపే ఆసనాలు, అరచేతులపై బరువు మోపే ఆసనాలు నేను చాలాకాలం ముట్టుకోలేదు. నేలపై వెల్లకిలా పడుకుని, పిక్కలను కుర్చీ మీద పెట్టి, ఆపరేషన్ జరిగిన వైపు మోచేతి కింద మడిచిన దుప్పటి పెట్టుకునేదాన్ని. భుజం గాలిలో వేలాడకుండా ఆనుకున్నప్పుడే అక్కడి బిగువు వదులుతుంది. ఊపిరి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదులుతూ పది నిమిషాలు అలాగే ఉండేదాన్ని. ఎప్పుడో ఒకసారి గంటసేపు చేయడం కంటే రోజూ కొంచెం చేయడమే నాకు పనికొచ్చింది. కీమోథెరపీ సమయంలో టిబెటన్ యోగా నేర్చుకున్న స్త్రీలపై 2018లో వెలువడిన అధ్యయనంలో కూడా, మొత్తం మీద నిద్రలో పెద్ద తేడా కనిపించలేదు గాని, వారానికి కనీసం రెండుసార్లు సాధన చేసినవారికి ఫలితం కనిపించింది.

మూడవ సమాధానం:
ఫిజియోథెరపిస్టుగా ఒక మాట. చెమటలు టామోక్సిఫెన్ వల్ల రావచ్చు కాబట్టి ఆ విషయం క్యాన్సర్ వైద్యులకు తప్పక చెప్పండి, మాత్రను మాత్రం సొంతంగా ఆపవద్దు. చెమటలు తగ్గడానికి కొన్నిసార్లు ఇచ్చే పారోక్సెటిన్ వంటి మందులు టామోక్సిఫెన్ పనిని దెబ్బతీస్తాయి, అందువల్ల ఏ మందైనా ఆ వైద్యుల ద్వారానే రావాలి. నిద్రలేమి నెలల తరబడి ఉంటే, దానికోసమే రూపొందించిన ప్రవర్తనా చికిత్సను, అంటే నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే పద్ధతిని, వైద్యులు మొదట సూచిస్తారు. యోగాను దానికి తోడుగా ఉంచుకోవచ్చు. చెయ్యి బరువెక్కినా, ఉంగరం బిగుసుకున్నా సాధన ఆపి చూపించుకోవాలి, అది లింఫ్ వాపుకు, అంటే చేతిలో లింఫ్ ద్రవం నిలిచిపోయి వచ్చే వాపుకు, తొలి గుర్తు కావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఉంగరం సంగతి మాకు ఎవరూ చెప్పలేదండి, ఈ రోజే చూస్తాను. కుర్చీ పద్ధతితో మొదలుపెట్టి, చెమటల గురించి ఈ వారమే వైద్యులను అడుగుతాము.