గగన్‌యాన్ ప్రయోగం ఎక్కడి నుంచి చూడాలి? నాన్నకు ఏం జవాబు చెప్పాలి?

ఇస్రో గగన్‌యాన్‌లో మనుషులు అంతరిక్షంలోకి వెళ్లే రోజున అమ్మానాన్నలను తీసుకెళ్లి చూపించాలని నా కోరిక. శ్రీహరికోట గ్యాలరీ పాస్ దొరక్కపోతే సూళ్లూరుపేట వైపు, పులికాట్ ఒడ్డున ఎక్కడ నిలబడితే రాకెట్ బాగా కనిపిస్తుంది? అమ్మ ఎక్కువ దూరం నడవలేదు. గగన్‌యాన్‌ను మోసుకెళ్లే ఎల్‌వీఎం3 రాకెట్ ప్రయోగాలు ఇంతకుముందు చూసినవాళ్లు చెప్పండి, ఎంత ముందుగా చేరుకోవాలి?

ఇంకో సంగతి. ముగ్గురిని మూడు రోజులు 400 కిలోమీటర్ల ఎత్తులో తిప్పడానికి 20,193 కోట్లా, ఆ డబ్బుతో ఎన్ని ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వొచ్చు అంటారు నాన్న. ఆ మొత్తంలో కక్ష్యలో కట్టబోయే మన అంతరిక్ష కేంద్రం మొదటి మాడ్యూల్ (భాగం) ఖర్చు కూడా ఉందని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఖర్చు పెట్టాల్సిందేనని నా గట్టి నమ్మకం, కానీ ఆయన బాధా న్యాయమైనదే. రోబో చేయలేని ఏ పని మనిషి అక్కడ చేస్తాడు? ఈ రంగంలో ఉన్నవాళ్లు ఉదాహరణలతో చెప్పగలరా?