43 బస్తాలకి హమాలీ 2 రూపాయలంట! బ్యాష్ ఫంక్షన్‌లో తప్పెక్కడ?

మండీ కుర్రోడు, కర్నూలు:
మా నాన్నది మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల కమీషన్ దుకాణం. చిట్టాలు రాయలేక బ్యాష్‌లో (లినక్స్ టెర్మినల్‌లో కమాండ్లు నడిపేది) స్క్రిప్ట్ మొదలుపెట్టినా. అందులో హమాలీ అని ఒక ఫంక్షన్. బస్తాలెన్నో ఇస్తే, బస్తాకి 6 రూపాయల లెక్కన గుణించి రిటర్న్ చేస్తుంది. కింద $? తో (ఇప్పుడే నడిచినదాని రిటర్న్ విలువ అందులో ఉంటుంది) ఆ విలువ తీసుకుంటున్నా. 40కి 240, 42కి 252, బాగానే ఉంది. 43 కొడితే 2 వచ్చింది! 50కి 44. నాన్న చూసి, "ఇది హమాలీలకు చూపించురా, నీ సంగతి వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. ఫంక్షన్ లోపల ప్రింట్ చేస్తే 258 సరిగ్గానే ఉంది. మరి బయటికి వచ్చేసరికి ఏమవుతోంది?

పాత టెర్మినల్, అనంతపురం:
పైథాన్ నుంచి వచ్చినట్టున్నావు. అక్కడ రిటర్న్ ఏదిస్తే అదే చేతికొస్తుంది. బ్యాష్‌లో రిటర్న్ ఉన్నది పని అయిందో లేదో చెప్పడానికే. 0 అంటే అయింది, వేరే ఏదైనా అంటే ఎక్కడో తేడా కొట్టింది. దానికున్న చోటు ఒక్క బైటు, 0 నుంచి 255 దాకా. 258లో 256 పోతే 2, 300లో పోతే 44. రిటర్న్ తీసేసి మొత్తాన్ని ఎకో చెయ్యి, అంటే ప్రింట్ చెయ్యి. కావాల్సిన చోట $(హమాలీ 43) అని పిలిచి వేరియబుల్‌లో పెట్టుకో. 43 చుట్టూ మళ్లీ బ్రాకెట్లు వద్దు, ఖాళీ చాలు. లోపల అది $1గా అందుతుంది. ఫంక్షన్ పైన, పిలుపు కింద ఉండాలి. తిరగేస్తే ఆ పేరుతో కమాండే లేదంటుంది.

ఎర్రగడ్డ, కడప:
ఫంక్షన్ లోపలి వేరియబుళ్లకి లోకల్ అని పెట్టడం మర్చిపోవద్దన్నా, లేకపోతే బయట అదే పేరున్నదాన్ని మార్చేస్తాయి. నేను లూప్‌లోనూ, దాన్నుంచి నేరుగా పిలిచే ఫంక్షన్‌లోనూ 'ఐ' అనే పెట్టినా. ఫంక్షన్ ప్రతిసారీ దాన్ని 1 చేసేది. లూప్ ఎందుకు ఆగదో తెలియక తెల్లవార్లూ కూర్చున్నా.

మండీ కుర్రోడు, కర్నూలు:
ఎకో పెట్టినా. ఇప్పుడు 258తో పాటు "లెక్క వేస్తున్నా" అని నేను రాసుకున్న మాట కూడా వచ్చి పడింది. కూడబోతే ఎర్రర్!

పాత టెర్మినల్, అనంతపురం:
ఫంక్షన్ లోపల ఎకో చేసినదంతా $( ) పట్టేస్తుంది మరి. ఆ మాట ఉన్న లైను చివర >&2 పెట్టు, స్క్రీన్ మీదికి పోతుంది, లెక్కలో కలవదు.

మండీ కుర్రోడు, కర్నూలు:
వచ్చిందన్నా, 258. నాన్న మాత్రం ఇంకా పెన్నుతో వేసి సరిచూస్తున్నాడు.