మూడోది కూడా నిలబడలే, ఇప్పుడు మా ఆయన రక్తంతో ఇమ్యూన్ ఇంజెక్షన్లు అంటున్నరు, చేయించుకోవాల్నా?

కరీంనగర్_పిల్ల

అందరికీ నమస్తే. చాలా రోజుల నుంచి చదువుతున్న గానీ రాసుడు ఇదే ఫస్ట్ టైం, పెద్దగైతది ఏమనుకోకండి. నాకు 29, పెళ్ళై 4 ఏండ్లు, మాది మేనరికం, మా ఆయన మా మేనమామ కొడుకే. మూడుసార్లు కన్సీవ్ అయిన, మూడూ పోయినయ్. మొదటిది 7 వారాలకే బ్లీడింగై పోయింది. రెండోదానికి 8వ వారం స్కాన్‌ల హార్ట్‌బీట్ కనిపించింది, సంబరపడి అందరికీ చెప్పుకున్నం కూడా, 10వ వారం పోతే స్కాన్ చేసే మేడం ఏం మాట్లాడకుండ స్క్రీన్ అటు దిక్కు తిప్పుకుంది, గప్పుడే సమజైపోయింది నాకు. మూడోది మొన్న ఏప్రిల్‌ల, డీ అండ్ సీ, అంటే గర్భసంచి క్లీన్ చేసిన్రు.

ఇప్పుడు ఒక పెద్ద ఫెర్టిలిటీ సెంటర్‌కి పోతే, మీది మేనరికం గదా, ఇద్దరి జీన్స్ దగ్గర దగ్గరగున్నయ్, అందుకే నీ బాడీ బిడ్డను గుర్తుపట్టి కాపాడుతలేదు అన్నరు. మా ఆయన రక్తం తీసి తెల్ల కణాలు వేరు చేసి నా చేతికి చర్మం కింద పొడుస్తరట, ఎల్ఐటీ అంట. దానికి తోడు ఎన్‌కే సెల్స్ టెస్ట్, ఇంట్రాలిపిడ్ సెలైన్లు, స్టెరాయిడ్ గోళీలు, అన్నీ కలిపి లక్షా ఇరవై వేలు. వారంల చెప్పమన్నరు. రిపోర్టుల్ల ఒక్కటే తేడా వచ్చింది, యాంటీ కార్డియోలిపిన్ ఐజీఎం 18, పక్కన వీక్ పాజిటివ్ అని రాసుంది. జూన్ 4న రక్తం ఇచ్చిన, అంతకు ముందు వారమే వైరల్ ఫీవర్ ఉండె. అత్తమ్మనేమో ఇంటి వాస్తు బాలేదంటది. మా ఆయన అప్పు తెస్త, చేయించుకుందాం అంటున్నడు. చేయించుకున్నోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి ప్లీజ్.

నిడదవోలు_అక్క

చెల్లీ ముందు ఆ 18 సంగతి చూద్దాం. నాకు ఏపీఎస్ ఉంది, అంటే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, మన ఇమ్యూనిటీయే తేడాగా యాంటీబాడీలు తయారుచేసి మాయని దెబ్బతీస్తుంది, రక్తం గడ్డలు కూడా కట్టొచ్చు. నాకు ఒకటి 9 వారాలకి పోయింది, ఇంకోటి 20 వారాలకి, దాని గురించి ఇక్కడ రాయలేను. తర్వాత ఒక రుమటాలజిస్ట్ గారు పట్టుకున్నారు. ఆయన చెప్పిందేంటంటే ఆ యాంటీబాడీల కోసం చూడాల్సింది మూడు టెస్టులు, లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీ కార్డియోలిపిన్, బీటా2 గ్లైకోప్రోటీన్. పాజిటివ్ వచ్చినా 12 వారాలు ఆగి మళ్ళీ చేయించాలి, రెండోసారీ వస్తేనే లెక్క. కార్డియోలిపిన్ అయితే 40 దాటాలన్నారు. జ్వరాలు వచ్చినప్పుడు కొంచెం పెరిగి మళ్ళీ దానంతటదే దిగిపోతుంది కూడా, నీకు వైరల్ ఫీవర్ అన్నావు కదా. లూపస్ అని పేరు చూసి నేను రాత్రంతా గూగుల్ చేసి ఏడ్చాను, ఆ టెస్ట్ పాజిటివ్ అంటే లూపస్ జబ్బు ఉన్నట్టు కాదంట, పేరే అలా పెట్టారు. హెపారిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా పొడిచే ఇంజెక్షన్, అది మొదలెట్టాక రక్తం ఇస్తే రిజల్ట్ తారుమారు అవ్వొచ్చు, అందుకని ముందే ఇవ్వాలి.

నాకు ప్రెగ్నెన్సీ పాజిటివ్ వచ్చిన దగ్గర్నుంచి ఎకోస్ప్రిన్ 75, అంటే ఆస్ప్రిన్ బిళ్ళ, దాంతోపాటు రోజూ ఎనోక్సాపరిన్ 40 ఇంజెక్షన్ పొట్ట మీద, అది హెపారిన్‌లో ఒక రకమే. మొదటి వారం మా ఆయన చెయ్యి వణికి నేనే నేర్చుకున్నా, బొడ్డుకి రెండంగుళాలు దూరంగా కొవ్వు చిటికెడు పట్టుకుని నిలువుగా గుచ్చాలి, సిరంజిలో ఉన్న గాలిబుడగ తియ్యకూడదు, అయ్యాక రుద్దకూడదు, ఇవాళ కుడివైపు రేపు ఎడమవైపు. రుద్దకపోయినా పొట్టంతా నేరేడు పళ్ళు చిదిమినట్టు మచ్చలే అనుకో. వాడేసిన సిరంజిలు హార్లిక్స్ సీసాలో వేసి నిండినప్పుడల్లా ఆస్పత్రిలో ఇచ్చేవాళ్ళం, ఆరు సీసాలు అయ్యాయి. బాబుకి ఇప్పుడు రెండో ఏడు.

మీనూ_మమ్మీ

నేను ఎల్ఐటీ చేయించుకున్నానండి. రెండు అబార్షన్ల తర్వాత చేయించాం, వెంటనే వచ్చిన ప్రెగ్నెన్సీ నిలబడింది, పాపకి 3 ఏళ్ళు. చెయ్యి కొంచెం ఎర్రబడి దురద పెట్టింది అంతే. ఎవరేమన్నా నాకు అది పనిచేసింది, డబ్బులు పోతే పోయాయి, నా పాప నాకుంది. ట్రై చెయ్యండి సిస్టర్.

నైట్‌డ్యూటీ_సిస్టర్

నేను యూకేలో ఎర్లీ ప్రెగ్నెన్సీ యూనిట్‌లో నర్సుని, మాది ఒంగోలు. మీనూ మమ్మీ గారూ, పాప చల్లగా ఉండాలి, మీ మాట కాదనట్లేదు. కానీ ఒక్క విషయం, ఇక్కడ 2015లో ప్రామిస్ అని పెద్ద ట్రయల్ వచ్చింది, కారణం తెలియకుండా మూడు లేక ఎక్కువ పోయినవాళ్ళకి ప్రొజెస్టరాన్ అనే గర్భం నిలబెట్టే హార్మోన్ ఇచ్చి చూశారు. ఇచ్చినవాళ్ళలో నూటికి 66 మందికి బిడ్డలు పుట్టారు, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్ళలో 63 మందికి. ఆ 63 చూడండి. మూడు పోయాక కూడా ఏ మందూ లేకుండానే అంతమందికి నిలబడింది. అందుకే ఏ ట్రీట్మెంట్ తర్వాత బిడ్డ పుట్టినా అది ట్రీట్మెంట్ వల్లే అనిపిస్తుంది, ఎవరికైనా అనిపిస్తుంది, నాకైనా.

ఇక ఎల్ఐటీ. బిడ్డలో సగం తండ్రిది, తల్లి ఒంటికి అది పరాయిది, దాన్ని కాపాడే బ్లాకింగ్ యాంటీబాడీలు తయారవ్వాలంటే భార్యాభర్తల హెచ్ఎల్ఏ జీన్స్, అంటే ఇమ్యూనిటీ మనదేదో పరాయిదేదో గుర్తుపట్టే జీన్స్, వేరుగా ఉండాలి అనేది పాత థియరీ. 1985లో లండన్‌లో ఒక చిన్న స్టడీలో బాగా పనిచేసినట్టు కనిపించింది, అప్పట్నుంచి పాకింది. తర్వాత 1999లో అమెరికాలో కరోల్ ఓబర్ అనే సైంటిస్ట్ వాళ్ళు సరిగ్గా ట్రయల్ చేశారు. గమ్మత్తేంటంటే దగ్గరి జీన్స్ ఉన్న జంటల్లో గర్భం పోవడం గురించి హటరైట్స్ అనే కమ్యూనిటీలో ఏళ్ళ తరబడి స్టడీ చేసింది కూడా ఈవిడే, అంటే థియరీ నచ్చనావిడేం కాదు. గర్భం వచ్చినవాళ్ళలో భర్త కణాలు ఇచ్చినవాళ్ళకి 46 శాతం, ఉత్త సెలైన్ ఇచ్చినవాళ్ళకి 65 శాతం బిడ్డలు పుట్టారు. రివర్స్ అన్నమాట. 2002లో అమెరికాలో మందులకి పర్మిషన్ ఇచ్చే ఎఫ్‌డీఏ, రీసెర్చ్ పర్మిషన్ లేకుండా ఇది చెయ్యొద్దని లెటర్ రాసింది. పైగా అది రక్తం నుంచి తీసిన సరుకు, ఇన్ఫెక్షన్ భయం ఎప్పుడూ ఉంటుంది.

ఎన్‌కే సెల్స్ అంటే నేచురల్ కిల్లర్ అనే ఇమ్యూనిటీ కణాలు, పేరులో కిల్లర్ ఉంది కదా, పేషెంట్లని భయపెట్టడానికి ఆ ఒక్క మాట చాలు. చేతినుంచి తీసే రక్తంలో ఉండేవి వేరు, గర్భసంచి పొరలో ఉండేవి వేరు, ఆ లోపలివి బిడ్డని చంపవు, మాయకి రక్తనాళాలు సర్దిపెట్టేది అవే. చేతి రక్తం చూసి లోపల ఏం జరుగుతుందో చెప్పలేం. ఇంట్రాలిపిడ్, స్టెరాయిడ్ రెండూ ఈ కారణానికి వాడమని యూరప్ గైడ్‌లైన్స్ చెప్పట్లేదు.

ఇమ్యూన్ అని చెప్పేవాటిలో గట్టి ఆధారం ఉంది ఏపీఎస్ ఒక్కదానికే, నిడదవోలు అక్క చెప్పింది కరెక్ట్. 1997లోనే లండన్ ట్రయల్‌లో ఏపీఎస్ ఉన్నవాళ్ళకి ఆస్ప్రిన్ ఒక్కటే ఇస్తే 42 శాతం మందికి, హెపారిన్ కూడా కలిపితే 71 శాతం మందికి బిడ్డలు పుట్టారు. అలాగని ఏపీఎస్ లేనివాళ్ళు కూడా సేఫ్టీకి అని హెపారిన్ పొడుచుకుంటే లాభం లేదు, అది కూడా ట్రయల్స్ చేసి చూశారు.

ఇంకోటి, ఇదివరకు పోయినవాళ్ళకి మళ్ళీ గర్భంలో బ్లీడింగ్ కనిపిస్తే ప్రొజెస్టరాన్ 400 ఎంజీ రోజుకి రెండుసార్లు 16 వారాల దాకా పెట్టుకోమని ఇక్కడ వైద్యం గైడ్‌లైన్స్ రాసే నైస్ అనే సంస్థ 2021లో చెప్పింది. బ్లీడింగ్ ఉంటేనే సుమా. కరీంనగర్ చెల్లీ, ఏప్రిల్‌లో డీ అండ్ సీ చేసినప్పుడు తీసింది జెనెటిక్ టెస్ట్‌కి పంపారా?

మానుకోట_బావ

నేను మగవాణ్ణే, రాయొచ్చు కదా. మాకూ మూడు పోయినయ్. ఒక సెంటర్‌లో మా ఆవిడకి నాలుగుసార్లు ఆ ఇంట్రాలిపిడ్ ఎక్కించిన్రు, పాల లెక్క తెల్లగ ఉంటది సెలైన్, సోయా నూనె, గుడ్డు పచ్చసొన కొవ్వు కలిపి చేస్తరట, మామూలుగ తిండి తినలేని పేషెంట్లకు ఎక్కించేది. ఒక్కోటి ఎక్కేదాంక మూడు గంటలు బయట బల్ల మీద కూసునేటోణ్ణి. అది కూడా ఉత్తదే అయింది. తర్వాత వేరే డాక్టర్ దగ్గరకి పోతే ఫస్ట్ ప్రశ్నే, ఇద్దరికీ కార్యోటైప్ చేయించిన్రా అని, అంటే రక్తం తీసి క్రోమోజోములు చూసే టెస్ట్. అప్పటిదాకా నా రక్తం ఒక్కరు కూడా అడగలే. చేయిస్తే నాకు వచ్చింది, బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్, రెండు క్రోమోజోముల ముక్కలు అటుదిటు ఇటుదటు అతుక్కున్నయ్. నాకేం జబ్బు లేదు, కానీ బిడ్డకు పోయేటప్పుడు లెక్క తప్పుతది. మూడేండ్లు మా అమ్మ నా భార్యను అన్న మాటలు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గయితది. తర్వాత మామూలుగనే వచ్చింది, ఆమ్నియో, అంటే ఉమ్మనీరు తీసి బిడ్డ క్రోమోజోములు చూసే టెస్ట్, చేయిస్తే బాగుంది, ఇప్పుడు ఏడో నెల. తమ్మీని కూడా, అదే మీ ఆయన్ని, టెస్ట్ చేయించుకోమను.

కరీంనగర్_పిల్ల

అందరికీ చాలా థాంక్స్. సిస్టర్ అడిగింది చూసి ఫైల్ మొత్తం తీసిన, జెనెటిక్ టెస్ట్‌కి పంపలే. అట్ల పంపొచ్చని కూడా మాకెవ్వరు చెప్పలే. ఇంతకీ మేనరికం వల్ల కాదా మరి? అందరూ అదే అంటున్నరు ఇంట్ల.

నైట్‌డ్యూటీ_సిస్టర్

మేనరికంతో పిల్లలకి కొన్ని పుట్టుకతో వచ్చే జబ్బుల రిస్క్ పెరుగుతుంది, అది నిజం, అందుకు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళడం మంచిదే. కానీ దానికి మందు మీ ఆయన తెల్లకణాలు కాదు. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సగానికి పైగా క్రోమోజోముల తప్పే, చాలావరకు అది ఆ ఒక్కసారికి జరిగిన తప్పు, ఎవరి ఒంట్లోనూ లోపం కాదు. దేవుడి దయవల్ల అవసరం రాకూడదు గానీ మళ్ళీ ఎప్పుడైనా జరిగితే ముందే అడిగి శాంపిల్ పంపించండి. ఈలోపు ఇద్దరికీ కార్యోటైప్, నీకు థైరాయిడ్, షుగర్, గర్భసంచికి 3డీ స్కాన్, మధ్యలో గోడ లాంటిది ఏమన్నా ఉందేమో.

నిడదవోలు_అక్క

ఆ మూడు టెస్టులు ఒకే ల్యాబ్‌లో ఇవ్వు, పాతది ఎక్కడ ఇచ్చావో అక్కడే. ల్యాబ్ మారితే నంబర్లు మారతాయి, మళ్ళీ కంగారు.

కరీంనగర్_పిల్ల

జూన్ 4 నుంచి లెక్క పెట్టిన, 12 వారాలంటే ఆగస్టు 27 అయితది. సెంటర్ వాళ్ళకి ఫోన్ చేసి ఇప్పుడే కాదు అని చెప్పిన, డిస్కౌంట్ ఇస్తం అన్నరు. మా ఆయన కార్యోటైప్‌కి సరే అన్నడు, సూదంటే భయం గానీ. అక్కా, ఆ యాంటీబాడీల టెస్టుకి ఖాళీ కడుపుతోని పోవాల్నా?

నిడదవోలు_అక్క

అక్కర్లేదురా, శుభ్రంగా టిఫిన్ తినేసి వెళ్ళు. షుగర్ టెస్ట్ కూడా అదే రోజు ఇస్తే మాత్రం ల్యాబ్ వాళ్ళని ముందు రోజే అడుగు.